ఊ పెట్టె

జామివలస బడిలో పైడిరాజు మాస్టారు లెక్క చెప్పే తీరు ఒకటే. ఒక మెట్టు చెబుతారు, సుద్దముక్క గాల్లో ఆపుతారు, పిల్లల వైపు తిరిగి “ఊ?” అంటారు. పిల్లలు “ఊ” అంటారు. అప్పుడు గానీ రెండో మెట్టు కదలదు. కథ చెప్పేవాళ్లకు ఊ కొట్టేవాళ్లు ఎంత అవసరమో పాఠం చెప్పేవాళ్లకూ అంతే. ఆ చిన్న శబ్దాన్ని మనవాళ్లు ఎన్ని తరాలుగా వింటున్నారో లెక్క లేదు గానీ, దాన్ని కొలవాలని మాత్రం వకుళకే తోచింది.

నల్లబల్ల పైన గోడకు బిగించిన తెల్ల డబ్బా ఆమెదే. విశాఖపట్నంలో, ఆమె పనిచేసే ప్రయోగశాలలో దాని పేరు ‘శ్రోత’. దాన్ని పెట్టిన రెండు వందల బళ్లలో ఒక్కరైనా ఆ పేరు పలకరు. అందరికీ అది ఊ పెట్టె. పిల్లలు ఊ అన్నప్పుడు గొంతు ఎలా పలికింది, మాస్టారి మాటకూ ఊకూ మధ్య ఎంత సందు ఉంది, ఊపిరి ఎక్కడ తొట్రుపడింది, ఇవన్నీ విని ఎవరికి పాఠం తలకెక్కిందో చెప్పేస్తుంది. అందరికీ అర్థమైతే పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. లేకపోతే ఎర్రదీపం వెలిగి, మాస్టారి బల్ల మీది తెరలో పేరు పడుతుంది.

ఆ రోజు వకుళ వెనక బెంచీ మీద కూర్చుని చూస్తోంది. ఎర్రదీపం వెలిగింది. మాస్టారు తెర చూసి, “ఒరే గణేశూ, నీ ఊలో ఊపిరి లేదురా. ఇలగ రా, బోర్డు దగ్గిరికి రా” అన్నారు. గణేశు నసుగుతూ లేచాడు. మాస్టారు వాడి చెయ్యి పట్టుకుని లెక్క మళ్లీ చేయించారు. ఈసారి వాడి ఊ గట్టిగా వచ్చింది. దీపం ఆకుపచ్చకు మారింది. వకుళకు ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఆరేళ్ల తన కష్టం అక్కడ కళ్లెదురుగా పండుతోంది మరి.

పెట్టె వచ్చాక ఆ బళ్లలో పరీక్షలు ఎత్తేశారు. పిల్లలకు భయం పోయింది, మాస్టార్లకు పేపర్లు దిద్దే బాధ తప్పింది. ఏడాది పొడవునా పెట్టె విన్న ఊలే మార్కులు. ఆ మార్కుల్లో ఆడపిల్లలు మగపిల్లల కంటే నాలుగడుగులు ముందున్నారు. ప్రాథమిక విద్యలో ఆడా మగా తేడాను తుడిచిపెట్టిన యంత్రం అని పత్రికలు ఆకాశానికెత్తేశాయి. ఇంకో పదకొండు రోజుల్లో విశాఖపట్నంలో ప్రదర్శన ఉంది. విద్యాశాఖ కమిటీ సంతకం పెడితే వచ్చే జూన్ నుంచి రాష్ట్రంలో ప్రతి ప్రాథమిక పాఠశాలకూ పెట్టె వెళ్తుంది, ఒప్పందం ప్రకారం ఐదేళ్ల దాకా దాన్ని కదపడానికి, మార్చడానికి వీల్లేదు. ఆ ప్రదర్శనకు తీసుకెళ్లే పిల్లల కోసమే వకుళ జామివలస వచ్చింది. రెండు వందల బళ్లలోనూ పెట్టె లెక్కన మొదటి స్థానం ఈ తరగతిలోని ధరణిది. నూటికి తొంభై ఎనిమిది.

మధ్యాహ్నం గంటకు ఇంకా పావుగంట ఉండగానే ఆడపిల్లలు తొమ్మిదిమందీ లేచి బయటికి నడిచారు. భోజనం కంచాలు కడిగి వరసగా పరవడం వాళ్ల పని. అది ఎవరు పెట్టిన నియమమో ఎవరికీ గుర్తులేదు. వకుళ కూడా వాళ్ల వెనకే పంపు దగ్గరికి వెళ్లింది.

ధరణి పదేళ్ల పిల్ల. సన్నటి చేతులు, రెండు జడలకు ఎర్ర రిబ్బన్లు, ఎవరు పిలిచినా ముందు నవ్వే మొహం. వకుళ ముచ్చటపడి, “ఏదీ, ఇవాళ్టి లెక్క నీ పుస్తకంలో చూపించు” అంది. నూట నలభై నాలుగును ఆరుతో భాగిస్తే ఇరవై నాలుగు. ముత్యాల్లాంటి అక్షరాలు, గీత పక్కన గీత.

“చాలా బావుంది. మరి నూట యాభై ఆరును ఆరుతో భాగిస్తే ఎంత? చేసి చూపిస్తావా?”

“ఊ” అంది ధరణి వెంటనే. చేతులు గౌనుకు తుడుచుకుని పెన్సిలు తీసుకుంది. నూట యాభై ఆరు అని రాసింది. దాని కింద పన్నెండు వేసింది, గీత గీసింది, దాని కింద ఇరవై నాలుగు, మళ్లీ ఇరవై నాలుగు, మళ్లీ గీత, సున్నా. జవాబు ఇరవై నాలుగు. ఒక్క చోట కూడా చెయ్యి ఆగలేదు. చుక్కలు లెక్కపెట్టకుండా, చూసి నేర్చుకున్న ముగ్గు దించినట్టు దించేసింది.

వకుళ ఆ కాగితం మీద మొదటి గీత దగ్గర వేలు పెట్టింది. “పదిహేనులో పన్నెండు పోతే ఎంత మిగులుతుందమ్మా?”

ధరణి నవ్వింది. “ఊ” అంది.

వకుళ ఆ ఊతో ఆగలేదు. మిగిలిన ఎనిమిదిమందిని ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అదే లెక్క ఇచ్చింది. తొమ్మిదిమందిలో ఏడుగురికి రాలేదు. లోపలికి వెళ్లి పదకొండుమంది మగపిల్లలకూ ఇచ్చింది. రానివాళ్లు ఇద్దరే.

పైడిరాజు మాస్టారు కాగితాలు తిరగేసి మరగేసి చూశారు. ముప్ఫై ఏళ్ల నుంచి చెబుతున్న మనిషి, పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి. 

“ఏటండీ ఇది? ఆకుపచ్చ దీపం ఎలిగింది కదండీ. మూడేళ్ల బట్టీ ఈ ఆడగుంటల పేరు ఒక్కసారీ తెర మీద పడనేదు. పెట్టె సాలంటే నాను ముందుకెల్లిపోనాను. మరి నానేటి సేసుంటానండీ?”

 వకుళ కాగితాలు సంచిలో పెట్టుకుని విశాఖపట్నం బస్సు ఎక్కింది.

* * *

ప్రయోగశాలలో పాత బీరువా అడుగున ఆరేళ్ల కిందటి డైరీ ఉంది. పెట్టెకు చదువు చెప్పిన రోజుల డైరీ అది. పెట్టెకైనా పుడుతూనే ఏమీ రాదు. దానికి నలభై వేల ఊలు వినిపించి, ఇది అర్థమైన ఊ, ఇది అర్థం కాని ఊ అని విడమరిచి చెప్పాల్సి వచ్చింది. నిజంగా అర్థమైందో లేదో తేల్చడానికి పిల్లలను బోర్డు దగ్గరకు పిలిచి లెక్క చేయించేవారు. మొదటి బడిలో మొదటి రోజు ఒక ఆడపిల్లను పిలిచారు. ఆ పిల్ల సుద్దముక్క పట్టుకుని కొయ్యబారిపోయి నిలబడింది. కాసేపటికి గౌను తడుపుకుంది. తరగతి తరగతంతా గొల్లుమంది. వకుళే పరుగున వెళ్లి ఆ పిల్లను ఎత్తుకుంది, తనే కడిగింది, ఊరుకోబెట్టింది. ఆ సాయంత్రం డైరీలో రాసుకున్న మాట ఇప్పుడు ఆమె చేతిరాతలోనే ఎదురుగా ఉంది.

‘ఆడపిల్లలను బోర్డు దగ్గరకు పిలవవద్దు. భయపడుతున్నారు. వాళ్ల నోటుపుస్తకం చూస్తే చాలు.’

ఆమె కొత్తగా కనిపెట్టిన పద్ధతేమీ కాదు. ఆ బళ్లన్నింటిలో అప్పటికే నడుస్తున్నదే అది. మగపిల్లవాడు బోర్డు మీద తప్పు చేసి, తిట్టు తిని, మళ్లీ చేసి నేర్చుకుంటాడు. ఆడపిల్ల బెంచీలో కూర్చుని బోర్డు మీది లెక్కను పుస్తకంలోకి చక్కగా ఎక్కించుకుంటుంది. ఆడపిల్ల పుస్తకం ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది, జవాబు ఎప్పుడూ సరిగానే ఉంటుంది. బోర్డు మీద ఉన్నదే కదా పుస్తకంలోనూ ఉండేది. కాబట్టి నలభై వేల ఊల్లో ఆడపిల్లల ఊలు దాదాపు అన్నీ అర్థమైన ఊలుగానే పెట్టె చెవిన పడ్డాయి. మాస్టారి మాట పూర్తి కాకముందే, మెత్తగా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వచ్చే ఊ. పెట్టె దాన్ని బాగా నేర్చుకుంది. అర్థం కావడమంటే అదే అనుకుంది. నేర్పిన మనిషి వకుళే.

జాలిపడి రాసిన ఒక్క వాక్యం అది. దాని వల్ల రెండు వందల బళ్లలో ఎంతమంది ఆడపిల్లలు మూడేళ్లుగా ఒక్క లెక్కా రెండోసారి వినకుండా పై తరగతులకు వెళ్లిపోయారో లెక్క లేదు.

ఇంటికి వెళ్లేసరికి దీపాలు పెట్టే వేళైంది. కూతురు ఇందుజ వంటింటి గట్టు మీద పుస్తకాలు పరుచుకుని కూర్చుంది. దానికీ పదేళ్లే. దాని బడిలోనూ పెట్టె ఉంది, దానికి తొంభై ఆరు మార్కులు. ప్రతి రోజూ వకుళ అలిసిపోయి వచ్చి, ‘పాఠాలు అర్థమవుతున్నాయా?’ అని అడగడం, అది ‘ఊ’ అనడం, ఈ తల్లి తృప్తిపడి చెప్పులు విప్పుకోవడం. ఇంట్లో చదువు గురించి జరిగే ముచ్చట అంతే.

వకుళ చెప్పులు విప్పకుండానే కూతురి పక్కన నిలబడింది. “ఇందూ, ఒక కొత్త లెక్క చెబుతాను విను. భాగహారంలో ముందు చివరి అంకెను తీసెయ్యాలి. తీసేసినదాన్ని రెట్టింపు చేసి మొదట పెట్టాలి. అప్పుడు మిగిలినది ఎప్పుడూ సున్నాయే. అర్థమైందా?”

అందులో ఒక్క ముక్కకు కూడా తలాతోకా లేదు.

“ఊ” అంది ఇందుజ. మెత్తగా, వెంటనే.

“ఏమర్థమైందే?”

పిల్ల తల ఎత్తింది. తల్లి మొహం చూసి దానికి భయమేసింది. “కోప్పడకమ్మా. ఏమీ అర్థం కాలేదు.”

“మరి ఊ ఎందుకన్నావు?”

“నువ్వు అలిసిపోయి వచ్చావు కదా. కాలేదంటే మళ్లీ చెప్పాలి నీకు.”

వకుళ గట్టుకు ఆనుకుని నిలబడిపోయింది. ఏడుపు వచ్చింది, కూతురి ముందే ఏడ్చింది. అది మరీ కంగారుపడి, “పోనీ అర్థమైందిలే అమ్మా, అర్థమైంది” అంటూ ఆమె చెంగు పట్టుకుంది. అది ఇంకా దారుణం.

* * *

ప్రయోగశాల అధిపతి ప్రొఫెసర్ దక్షిణామూర్తి చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే కథ తేలికయ్యేది. పన్నెండేళ్ల కిందట తాత్కాలిక ఉద్యోగంలో చేరిన వకుళను చెయ్యి పట్టుకుని పైకి తెచ్చినవాడు ఆయనే. ఆమె ఇచ్చిన డైరీ చదివి కళ్లజోడు తీసి చాలాసేపు నుదురు రుద్దుకున్నాడు.

“నిజమే. తప్పు జరిగింది. సరిచేద్దాం. కానీ ఇప్పుడు కాదు. ముందు కమిటీ చేత అవుననిపిద్దాం. ఆ తర్వాత మెల్లగా కొత్త ఊలు సేకరించి పెట్టెకు మళ్లీ నేర్పుదాం.”

“ఐదేళ్ల దాకా కదపడానికి వీల్లేదని ఒప్పందంలో ఉంది కదా సార్.”

“ఏదో దారి దొరుకుతుందిలే. ఇప్పుడు నోరు తెరిస్తే పెట్టె ఒక్కటే కాదు, ఈ ప్రయోగశాల మూతపడుతుంది. ఇక్కడ ముప్ఫైమంది బతుకుతున్నారు. తప్పు నీ చేతిరాతలో ఉంది, ముందు నీ ఉద్యోగం పోతుంది. నీ మంచికే చెబుతున్నాను. అర్థమైందిగా?”

“ఊ” అంది వకుళ.

గది దాటి నాలుగడుగులు వేశాక గానీ తను ఏమందో ఆమెకు తెలియలేదు. పన్నెండేళ్లలో ఆయనకు ఆ ఒక్క జవాబు తప్ప వేరే జవాబు చెప్పిన గుర్తు రాలేదు.

మర్నాడు ఆమె పిల్లలను తయారు చేయాలన్న నెపంతో జామివలస వెళ్లింది. ప్రదర్శన దాకా రోజూ వెళ్లింది. పెట్టె తీగ తీయించి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని, మొదటి తరగతి తీసివేతల దగ్గర్నుంచి మొదలుపెట్టింది. లెక్కలు నేర్పడం అంత కష్టం కాలేదు. ‘అర్థం కాలేదు’ అనే మాట నేర్పడానికి తలప్రాణం తోకకొచ్చింది.

“అర్థం కాకపోతే ఊ అనొద్దు, ధరణీ. కాలేదు అనాలి. ఏమవుతుంది అంటే?”

ధరణి కాలి బొటనవేలితో నేల మీద గీసింది. మూడో రోజుకు గానీ నోరు విప్పలేదు. “కాలేదంటే మాస్టారు మళ్లా సెప్తారు కదండీ. పాఠం ఆగిపోద్ది. ఈలోగా గంట కొట్టీస్తారు. కంచాలు కడగనేదని వంటామ్మ తిడతాది. మగపిల్లలు ఆకలి ఆకలి అని మా మీదికే వొస్తారు. ఊ అనీస్తే బేగి అయిపోద్ది.”

పక్కనే నిలబడ్డ పైడిరాజు మాస్టారు ఆ మాట విన్నారు. మధ్యాహ్నం గంట కొట్టేముందు లేచి, “ఇవాళ్టి నుంచి కంచాలు అందరివీని. ఎవడి కంచం ఆడే కడుక్కోవాల. గంట కొట్టినాకే” అని గట్టిగా చెప్పారు. పంపు దగ్గర పదకొండుమంది మగపిల్లలు నీళ్లు చిమ్ముకుని బురద బురద చేశారు. గణేశు తన కంచం తోమి, దాన్లో మొహం చూసుకుని మురిసిపోయాడు. అన్నం ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. వంటామె శాపనార్థాలు పెట్టింది. ఆడపిల్లలు మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వరండాలో నిలబడ్డారు.

ఐదో రోజున ఒక పిల్ల, ఏడో రోజుకు మరో ఇద్దరు, ‘కాలేదండీ’ అన్నారు. ఒక్కరోజులో అయ్యే పాఠం మూడు రోజులు పట్టింది. మాస్టారి గొంతు బొంగురుపోయింది. “ఇలగైతే ఏడాదికి సగం పుస్తకం అవదండీ” అన్నారు. కాసేపాగి, “ఇన్నాళ్లూ పూర్తిగా అవగొట్టీసి ఏటి సేసినానో” అని తనే అన్నారు.

ధరణి మాత్రం నవ్వేది, లెక్క చేసేది, తప్పు వచ్చినా ఊ అనేది. కాలేదు అన్న మాట ఆ పిల్ల నోట రాలేదు.

అప్పటికే వకుళ మనసులో ఒక పథకం ఉంది. ఇందుజకు చెప్పిన తలాతోకా లేని లెక్కే ప్రదర్శనలో చెప్పాలి. మగపిల్లలు బిక్కమొహం వేస్తారు. ధరణి వెంటనే, మెత్తగా ఊ అంటుంది, ఆ పిల్ల పేరు మాత్రం తెర మీద పడదు. పెట్టె గుట్టు కమిటీ కళ్లెదుటే బయటపడుతుంది. ఎవరూ కాదనలేరు. ధరణిని ఎర వేస్తున్నానన్న సంగతి ఆమెకు తెలుసు. తనను తను క్షమించుకోలేకపోయింది, అయినా పథకం మార్చుకోలేదు.

* * *

విశాఖపట్నం సభామందిరంలో వేదిక మీద నల్లబల్ల, దాని పైన పెట్టె. బెంచీల మీద జామివలస పిల్లలు పన్నెండుమంది, ఆరుగురు ఆడ, ఆరుగురు మగ. కొత్త యూనిఫారాలు ఇంకా గంజి వాసన వేస్తున్నాయి. కింద ముందు వరసలో కమిటీ సభ్యులు, నడుమ అధ్యక్షురాలు శ్యామలాంబ. ఆవిడ వెనక అధికారులు రెండు వందలమంది దాకా. పక్కన దక్షిణామూర్తి. పిల్లల పేర్లు పడే తెరను అందరికీ కనిపించేలా పెద్దది చేసి పెట్టారు.

మొదట పైడిరాజు మాస్టారు ఒక చిన్న పాఠం చెప్పారు. దీపాలు వెలగాల్సినట్టే వెలిగాయి. తర్వాత వకుళ లేచి సుద్దముక్క తీసుకుంది. ఇది కార్యక్రమంలో లేదు. దక్షిణామూర్తి కనుబొమలు ముడిపడ్డాయి.

“పిల్లలూ, భాగహారంలో ముందు చివరి అంకె తీసెయ్యాలి” అంది. బోర్డు మీద నూట యాభై ఆరు వేసి ఆరును కొట్టేసింది. “తీసేసినదాన్ని రెట్టింపు చేసి మొదట పెట్టాలి. అప్పుడు మిగిలేది ఎప్పుడూ సున్నా. ఊ?”

మగపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గణేశు సాగదీసి ఏదో మూలిగాడు. తెర మీద వాడి పేరు ఎర్రగా పడింది. ఆడపిల్లలు అలవాటు చొప్పున నోళ్లు తెరిచారు. వకుళ ధరణి వైపు చూసింది.

ధరణి బోర్డు వైపు చూస్తోంది. మొహంలో నవ్వు లేదు. పెదవులు ఒకసారి కదిలి ఆగాయి. తర్వాత ఆ పిల్ల లేచి నిలబడింది. కాళ్లు వణుకుతున్నాయి, గంజి గౌను అంచు వణుకుతోంది.

“కాలేదు మేడం” అంది. “నాకర్దం కాలేదు. మొన్న మీరలగ సెప్పనేదు.”

తెరిచిన నోళ్లు మూతపడ్డాయి. పక్క పిల్ల, “నాక్కూడా కాలేదండీ” అంది. ఆ వెనక ఇంకొకతె. తెర మీద పన్నెండు పేర్లూ ఎర్రగా పడ్డాయి, పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది.

 తర్వాత సభ సభంతా చప్పట్లతో మోగిపోయింది.

“అద్భుతం!” అంది శ్యామలాంబ. “టీచర్ తప్పు చెబితే కూడా పట్టేసింది! అందులోనూ ఆడపిల్లలతో సహా!” ఆవిడ కలం మూత తీసింది.

వకుళకు ఒకేసారి రెండు గుండెలు కొట్టుకుంటున్నట్టుంది. పది రోజులు ప్రాణం పెట్టి నేర్పిన మాట ఆ పిల్ల నోట ఇంత పెద్ద సభలో వచ్చింది. ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఆ మాటే పెట్టెను కాపాడింది. ధరణి నోరు విప్పి చెప్పబట్టి పెట్టెకు పేరు వచ్చింది. నోరు విప్పని లక్షలమంది ఆడపిల్లల మీద రేపు ఇదే పెట్టె ఆకుపచ్చ దీపం వెలిగిస్తుంది. రుజువు చూపిద్దామని వచ్చిన చోట ఇప్పుడు ఆమె దగ్గర రుజువు లేదు, డైరీలో తన చేతిరాత తప్ప.

దక్షిణామూర్తి వేదిక ఎక్కి ఆమె చెవి దగ్గర అన్నాడు, “నా గుండె ఆపేశావమ్మా. సరే, గెలిచాం. ఇక దిగి కూర్చో. మిగిలినవి తర్వాత. అర్థమైందిగా?”

ధరణి ఇంకా నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల వకుళనే చూస్తోంది.

“లేదు సార్” అంది వకుళ. మైకు ఆమె మెడకే ఉంది, ఆ మాట సభంతా వినబడింది. “నాకర్థం కాలేదు.”

శ్యామలాంబ కలం ఆగింది.

వకుళ బోర్డు మీది నూట యాభై ఆరును చెరిపేసి, ఆరేళ్ల కిందట రాసిన వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసింది. ఆడపిల్లలను బోర్డు దగ్గరకు పిలవవద్దు. భయపడుతున్నారు. వాళ్ల నోటుపుస్తకం చూస్తే చాలు. కింద తన పేరు రాసింది. తర్వాత సభ వైపు తిరిగి మొత్తం చెప్పింది. గౌను తడుపుకున్న పిల్ల సంగతి చెప్పింది. పుస్తకాలు మాత్రమే చూసి అర్థమైందని రాసుకున్న సంగతి, ఆ రాతలతో పెట్టె నేర్చుకున్న సంగతి చెప్పింది. జామివలసలో తొమ్మిదిమందిలో ఏడుగురికి భాగహారం రాలేదని చెప్పింది. కంచాల గురించి చెప్పింది. తన కూతురు తనకు కొట్టిన ఊ గురించి కూడా చెప్పింది.

“ఇవాళ పని చేసింది పెట్టె కాదండీ, ఈ పిల్ల. మన బళ్లలో ఆడపిల్లకు బోర్డు దగ్గర చోటు లేదు, తప్పు చేసే హక్కు లేదు. ఆ బడినే పెట్టెకు నేర్పాను నేను. దీన్ని ఊరూరా పంపితే ఆ అన్యాయాన్నే ఆకుపచ్చ దీపం పెట్టి పంపినట్టు.”

దక్షిణామూర్తి వేదిక దిగి తన కుర్చీలో కూలబడ్డాడు. ఆయన మొహం చూసి వకుళకు జాలేసింది. తన ఉద్యోగం అయిపోయిందని ఆమెకు అప్పుడే తెలిసింది. ముప్ఫైమంది మొహాలు కళ్ల ముందు తిరిగాయి. 

శ్యామలాంబ బోర్డు మీది వాక్యాన్ని రెండుసార్లు చదివింది. కాసేపు కలం మూత తిప్పుతూ ఉంది. తర్వాత కుర్చీలో వెనక్కి తిరిగి, తన వెనక బారులు తీరి కూర్చున్న అధికారులను చూసింది.

“విన్నారుగా. విషయం అందరికీ అర్థమైందా?”

“ఊ” అంది సభ.

రెండు వందల గొంతులు, ఒక్క క్షణం ఆలస్యం లేదు. మెత్తగా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వచ్చింది ఆ ఊ. వేదిక మీద పెట్టె దాన్ని శ్రద్ధగా విన్నది. ఎర్రదీపం ఆరింది. ఆకుపచ్చ దీపం వెలిగింది.

శ్యామలాంబ తృప్తిగా తలాడించి ముందుకు తిరిగింది. అప్పటిదాకా నిలబడే ఉన్న ధరణి చెయ్యెత్తింది. ఈసారి కాళ్లు వణకడం లేదు.

“మేడం” అంది, “ఆళ్లకర్దం కాలేదు. ఆ ఊ నాకు తెలుసు.”